డ్రమ్ములో గుడ్డు

మోటార్లకు రాగితీగ చుట్టే మెకానిక్‌ని ఆ వీధిలో అందరూ వైండింగ్ అనే పిలుస్తారు. కాలిపోయిన మోటారు ఏది తెచ్చిచ్చినా వాసన చూసి ఎక్కడ కాలిందో చెప్పేస్తాడు. అలాంటివాడు ఆ మధ్యాహ్నం చేతిరుమాల్లో ఏదో మూటకట్టుకుని, బిక్కమొహం వేసుకుని వచ్చి టీకొట్టు బల్ల మీద కూలబడ్డాడు.

కొట్టు నడిపే వదిన అడక్కుండానే అతని ముందు గ్లాసు పెట్టింది. "ఏమైందయ్యా? ఇంటామె ఊళ్ళో లేకపోతే ఎవరైనా హాయిగా ఉంటారు గానీ, నువ్వేంటి ఇలా వాడిపోయావు?"

అతను రుమాలు విప్పాడు. లోపల ఎర్రటి రాయి, రెండు ముక్కలుగా ఉంది. అంచులంతా చిట్లి, ఎలుక కొరికిన సబ్బులా ఉంది.

"ఇది మా ఆవిడది వదినా."

అతని భార్య ఆసుపత్రిలో నర్సు. ఆమెకొక అలవాటు ఉంది. ఇక లాభం లేదనుకున్న రోగి ఎవరైనా తేరుకుని తన కాళ్ళ మీద తాను నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోతే, ఆ రోజు డ్యూటీ దిగి వచ్చేటప్పుడు దారిలో ఒక రాయి ఏరుకొస్తుంది. తెచ్చి గాజు సీసాలో వేస్తుంది. ఏళ్ళ తరబడి వేస్తే పెద్ద సీసా నిండిపోయింది. ఈ మధ్య వాళ్ళక్కకి ఒంట్లో బాగాలేదని ఆమె వెళ్తే, ఇంట్లో ఒక్కడే ఉన్న వైండింగ్‌కి ఓ ఆలోచన పుట్టింది. ఆమె తిరిగొచ్చేసరికి ఆ రాళ్ళన్నీ మెరిసిపోతూ ఉండాలి! పాత వాషింగ్ మెషీన్ మోటారు తీశాడు. రెండు రోలర్లు బిగించాడు. వాటి మీద ఖాళీ పెయింటు డ్రమ్ము అడ్డంగా పడుకోబెట్టాడు. అందులో రాళ్ళూ నీళ్ళూ గరుకు పొడీ వేసి తిప్పితే, రాళ్ళు ఒకదాన్నొకటి రాసుకుని నున్నబడతాయని ఎవరో చెప్పగా విన్నాడు. సీసాలో సగం రాళ్ళు వేసి స్విచ్చి వేశాడు. తెరిచి చూసేసరికి సగానికి సగం చిట్లిపోయి ఉన్నాయి. ఈ ఎర్రదైతే ఏకంగా రెండయింది.

"ఇంకో సగం సీసాలోనే ఉన్నాయి" అన్నాడతను. "ఎక్కడ తప్పు జరిగిందో తెలిస్తే కదా, అవి వెయ్యాలో మానాలో తేల్చుకునేది. ఆవిడ నెలాఖరుకి వచ్చేస్తుంది."

పక్కన కూర్చున్న టైలరు తొడ చరిచాడు. "ఇంతేనా! నున్న బాబాయ్‌ని ఎదురుగా పెట్టుకుని దిగులెందుకు? రాళ్ళ పాలిష్ వర్క్‌షాపులో జీవితమంతా గడిపినాయన."

టీ వదిన ఏదో అనబోయి ఆగింది. బాబాయ్ నోరు విప్పితే జనం కదలరు, జనం కదలకపోతే గ్లాసులు ఖాళీ అవుతూనే ఉంటాయి. అందుకని మూతి బిగించుకుని పాలగిన్నె వైపు తిరిగింది.

నున్న బాబాయ్‌కి ఆ పేరు తలను బట్టి వచ్చిందా, మాటలను బట్టి వచ్చిందా అన్నది ఎవరూ తేల్చలేదు. రెండూ ఈగ వాలితే జారిపోయేంత నున్నగా ఉంటాయి. ఆయన రాతిముక్కలు రెండూ చేతిలోకి తీసుకుని, వెలుగుకి ఎత్తి చూసి, చిన్నగా నిట్టూర్చాడు.

"అబ్బాయ్, నేను గొప్పలు చెప్పుకునే మనిషిని కాదు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, గుప్పెడు రాళ్ళు ఒక్క గీత పడకుండా పాలిష్ పట్టాను, అంతే. అయినా ఎవరికీ చెప్పుకోలేదు. నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నా."

"నేనింకా అడగలేదు బాబాయ్" అన్నాడు వైండింగ్.

"అడుగుతావులే. ముందు ఇది చెప్పు, డ్రమ్ము ఎంత నింపావు?"

"సగం కూడా లేదు."

"అదీ సంగతి! సగం ఖాళీగా ఉన్న డ్రమ్ములో రాయి ఏం చేస్తుంది? గోడ పట్టుకుని పైకెక్కుతుంది, ఎక్కి అక్కణ్ణించి దబ్బుమని కిందున్నదాని నెత్తిన పడుతుంది. పగలక చస్తుందా? ముప్పావు నింపాలి. నింపితే ఎక్కడానికీ చోటుండదు, పడడానికీ చోటుండదు, ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ మెల్లగా జారుతుంటాయి. నేను అలాగే నింపాను. ఎంత పొందిగ్గా నింపానంటే, ఆ ఊపుకి రాళ్ళకి నిద్ర పట్టేసింది. గురక కూడా పెట్టాయి. మేస్త్రీ వచ్చి డ్రమ్ములో ఎవర్ని పడుకోబెట్టావురా అని నన్ను కేకలేశాడు."

టైలరు నవ్వాడు. వైండింగ్ నవ్వలేదు. 'ముప్పావు' అని మనసులో గట్టిగా పట్టుకున్నాడు. మరి గురక సంగతేమిటి? గురక వినిపిస్తే సరిగ్గా నింపినట్టా, లేక అది ఊరికే అన్నదా? అడుగుదామంటే బాబాయ్ అప్పటికే ముందుకు వెళ్ళిపోయాడు.

"ఊరికే నింపితే సరిపోదు. అన్నీ పెద్దవే వేస్తే మధ్యలో సందులుంటాయి, ఆ సందుల్లో కొట్టుకుంటాయి. పెద్దవాటి నడుమ చిన్నచిన్న గులకరాళ్ళు వెయ్యాలి, పరుపులో దూదిలాగా అన్నమాట. ఈ మాట చెబితే మేస్త్రీ నమ్మలేదు. నమ్మకపోతే నాకు ఒళ్ళు మండుతుందా లేదా? నేరుగా వెళ్ళి ఓ కోడిగుడ్డు తెచ్చాను."

"గుడ్డెందుకు?" అన్నాడు టైలరు.

"ఎందుకేంటి, డ్రమ్ములో వెయ్యడానికి! ఇంతింత నల్లరాళ్ళ మధ్య, గులకల పరుపు మీద గుడ్డు పెట్టి, మూత బిగించి, స్విచ్చి వేశాను. వారమంతా తిరిగింది. వారం తర్వాత తెరిస్తే ఏమైందో తెలుసా? గుడ్డు గుడ్డులాగే ఉంది. పగలడం మాట అటుంచు, అద్దంలా మెరిసిపోతోంది. మేస్త్రీ దాంట్లో చూసుకుని మీసం కత్తిరించుకున్నాడు."

"అబ్బ!" అన్నాడు టైలరు.

"అక్కడితో అయిపోతే నేనెందుకు చెబుతాను? ఆ గుడ్డుని కోడి కింద పెట్టారు, పిల్ల పుట్టింది. అదీ పాలిషే! వాన పడితే చుక్క నిలవదు, గాలి వీస్తే ఈక లేవదు. మా వర్క్‌షాపులో ఓ గండుపిల్లి ఉండేది. దాని కన్ను ఆ పిల్ల మీద పడింది. నోటకరుచుకుంది, జారిపోయింది. మళ్ళీ కరుచుకుంది, మళ్ళీ జారిపోయింది. చివరికి ఆ పిల్లికి జీవితం మీదే విరక్తి పుట్టింది. పాలు తాగి బతికిందే తప్ప, మళ్ళీ దేని జోలికీ పోలేదు."

వైండింగ్ తల గిర్రున తిరగసాగింది. గులకరాళ్ళు వెయ్యాలన్న మాట బాగానే ఉంది, తర్కానికి నిలుస్తోంది. గుడ్డు మాట నిలవడం లేదు. అయితే గుడ్డు అబద్ధమైతే గులకలు కూడా అబద్ధమేనా? ఈ మనిషి నిజాన్నీ అబద్ధాన్నీ ఒకే గ్లాసులో పోసి చక్కెర వేసి కలిపేస్తున్నాడు. దేన్ని తాగాలి, దేన్ని ఒంపెయ్యాలి?

"బాబాయ్, ఆ గుడ్డు నిజంగా..."

"ఆగాగు, అసలైనది ఇప్పుడొస్తోంది. గట్టిరాయినీ మెత్తరాయినీ కలిపి వెయ్యకూడదు. ఎందుకో తెలుసా? గట్టిది మెత్తదాన్ని తినేస్తుంది. నేను కళ్ళారా చూశాను. ఒక నల్లరాయీ, ఒక తెల్ల మెత్తరాయీ వేశాను. తెరిచేసరికి తెల్లది లేదు. నల్లది మాత్రం పొట్ట ఉబ్బి, కదల్లేక ఓ మూల కూర్చుని ఉంది. త్రేన్చింది కూడా."

"రాయికి త్రేనుపు ఎలా వస్తుంది?" అన్నాడు వైండింగ్ నిజంగానే అర్థం కాక.

"తిన్నాక రాదూ?" అన్నాడు బాబాయ్, ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసి. "ఇక కడగడం. గరుకు పొడితో తిప్పాక, మెత్తపొడి వేసేముందు డ్రమ్మూ రాళ్ళూ శుభ్రంగా కడగాలి. ఒక్క గరుకు రేణువు మిగిలిందా, అన్నిటినీ గీకి పారేస్తుంది. నాకా పట్టింపు ఎంతుండేదంటే, ఒకసారి ఒక్క రేణువు తప్పించుకుంది. నేను ఊరుకుంటానా? వెంటపడ్డాను. అది కాలవలో దూకింది. నేనూ దూకాను. మార్కెట్టు వీధి దాటి, బస్టాండు దాటి, సినిమా హాలు వెనక గోడ దగ్గర చెప్పుతో అదిమి పట్టుకున్నాను."

బల్లల చుట్టూ జనం పెరిగారు. బస్సు దిగిన వాళ్ళు సామాన్లతోనే నిలబడిపోయారు. చూసే కళ్ళు పెరిగేకొద్దీ బాబాయ్ గొంతూ పెరిగింది.

"ఇవన్నీ విని ఓ పెద్దమనిషి వచ్చాడు. మా ఊరి కొండ గరుకుగా ఉంది, నున్నగా చేసి పెట్టమన్నాడు. కొండంటే ఎంత? ఆసుపత్రి బిల్డింగుకి పదింతలు. దానికి తగ్గ డ్రమ్ము చేయించాను. దాన్ని తిప్పే మోటారు ఎక్కడా దొరకలేదు. ఏం చేశాను? ఏటిని మళ్ళించి దాని మీద పారించాను. ఏరు తోస్తుంటే డ్రమ్ము తిరుగుతోంది, లోపల కొండ తిరుగుతోంది. చెప్పానుగా, ముప్పావు నింపాలని? అందుకని చుట్టూ ఉన్న గుట్టలన్నీ గులకల కింద వేశాను. తీసి చూస్తే కొండ తళతళా మెరుస్తోంది! కానీ కొత్త తలనొప్పి వచ్చిపడింది. మేకలు ఎక్కబోతే జారిపోతున్నాయి. మబ్బులు ఆనుకోబోయి జారిపోతున్నాయి. దాంతో వానలు కురవడం మానేశాయి. చివరికి ఆ ఊరివాళ్ళే వచ్చి కాళ్ళావేళ్ళా పడితే, మళ్ళీ గరుకు చేసిపెట్టాను."

"మరి రాళ్ళు పగలకుండా ఇంకేం చెయ్యాలి బాబాయ్?" అన్నాడు వైండింగ్ జాలిగా. కొండతో అతనికి పనిలేదు. అతని గొడవల్లా సీసాలో మిగిలిన సగంతోనే.

"అదే చెబుతున్నా. దెబ్బ ఎక్కడ తగులుతుందో బయట నిలబడితే ఎలా తెలుస్తుంది? లోపల ఉంటే కదా! ఒకరోజు పనివాళ్ళందరూ వెళ్ళిపోయారు. వర్క్‌షాపులో పురుగు లేదు, నేనొక్కణ్ణే. పెద్ద డ్రమ్ములో దిగాను. గులకల మీద పడుకున్నాను. మూతకి ఎనిమిది బోల్టులు, బయట బిగించేవి, భలే బిగువు. డ్రమ్ము తిరగడం మొదలుపెట్టింది. పొద్దుటి దాకా తిరిగాను. ఒంటి మీద ఒక్క గీత పడితే ఒట్టు! బయటికొచ్చేసరికి తల ఇదిగో ఇలా అయింది, అప్పట్నుంచీ వెంట్రుక పుడితే ఒట్టు. మా ఆవిడ చెయ్యి పట్టుకోబోతే జారిపోయాను. తలుపు గొళ్ళెం పట్టుకోబోతే..."

"బాబాయ్ గారూ" అంది ఓ ఆడగొంతు, జనం వెనకనుంచి. "వర్క్‌షాపులో మీరొక్కరే ఉన్నారన్నారు. మీరు లోపల పడుకున్నాక, బయటి బోల్టులు ఎవరు బిగించారండీ?"

బాబాయ్ నున్నటి తల తడుముకున్నాడు.

"బోల్టులా..." అన్నాడు. "బోల్టులంటే... ఆ కోడి! అప్పటికి పెద్దదైంది కదా. బాగా తెలివైన కోడి. అదే బిగించింది, స్విచ్చీ అదే వేసింది."

"ఏది పట్టుకున్నా జారిపోయేంత నున్నటి కోడికి స్పానరు ఎలా నిలిచిందండీ?"

జనం గొల్లుమన్నారు. టైలరు బల్ల మీద పడి నవ్వాడు. టీ వదిన ఇక ఉగ్గబట్టుకోలేక పాలగరిటె పక్కన పెట్టేసింది. "ఎందుకొచ్చిన గొడవ బాబాయ్! నువ్వు ఆ వర్క్‌షాపు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే వాచ్‌మన్‌వి కాదూ? నీ టీ రోజూ నేనే పంపేదాన్ని."

అందరికంటే గట్టిగా నవ్వింది వైండింగే. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంటుంటే, ఆ గొంతు తనకు బాగా తెలిసినదన్న సంగతి అప్పుడు తట్టింది. నవ్వు సగంలో ఆగిపోయింది. తలెత్తి చూస్తే ఎదురుగా చేతిలో బ్యాగుతో అతని భార్యే.

"మా అక్క లేచి తిరుగుతోంది, అందుకే ముందే వచ్చేశాను" అంది ఆమె. ఆమె చూపు అతని మీద లేదు, బల్ల మీది రాతిముక్కల మీద ఉంది. "ఇది నాది కదూ?"

అతనికి తప్పంతా కోడి మీదో, గండుపిల్లి మీదో నెట్టేద్దామా అన్నంత పని అయింది గానీ, నోటికి ఒక్క కోత కూడా రాలేదు. "నేనే పగలగొట్టాను" అన్నాడు. "మెరిసేలా చేసి నీకు చూపిద్దామనుకున్నా. సగం వేశాను. చాలా పాడయ్యాయి."

ఆమె బ్యాగు కిందపెట్టి ముక్కలు రెండూ తీసుకుంది. ఒకదానికొకటి ఆనించి చూసింది. మొహం గంభీరంగానే ఉంది గానీ పెదవి చివర ఏదో కదులుతోంది.

"ఎవరి రాయి అది?" అని అడిగాడు భయపడుతూ.

"లారీ కింద పడినాయనది. కాలు రెండు చోట్ల విరిగింది, తీసెయ్యాలన్నారు." ఆమె ముక్కల్ని రుమాల్లో జాగ్రత్తగా చుట్టింది. "తియ్యకుండానే నడిచి వెళ్ళాడు. విరిగితే విరిగిందిలే, ఈ రాయికి అలవాటే."

అతనికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆమెకి కోపం వచ్చిందా, రాలేదా? పెళ్ళయి ఇన్నేళ్ళయినా అది మాత్రం అతనికి అంతు చిక్కదు.

బాబాయ్ ఈ సందులో గొడుగు చంకలో పెట్టుకుని మెల్లగా జారుకోబోతున్నాడు. ఆమె దారికి అడ్డం నిలబడింది. "ఎక్కడికండీ? కోడినీ కొండనీ పక్కన పెట్టి, మా డ్రమ్ము ఒకసారి చూసి వెళ్ళండి."

"వాచ్‌మన్ని నేను. నాకేం తెలుసమ్మా" అన్నాడాయన నేల చూపులు చూస్తూ. ఆయన అంత చిన్న మాట మాట్లాడగా ఆ కొట్టులో ఎవరూ వినలేదు.

"తెలియకపోతే తెలియదనే చెప్పండి. అదైనా తేలుతుంది మాకు."

మోటార్ల షాపులో, చుట్టలు చుట్టలుగా వేలాడే రాగితీగల కింద ఉంది డ్రమ్ము. చిట్లిన రాళ్ళు ఇంకా అందులోనే ఉన్నాయి. వైండింగ్ స్విచ్చి వేశాడు. దబ్... దబ్... దబ్. బాబాయ్ కళ్ళు మూసుకుని తల పక్కకు వంచాడు.

"ఆపెయ్యబ్బాయ్. ఇది కొట్టుకుంటోంది."

"మీకెలా తెలుసు?"

"గేటు దగ్గర అన్నేళ్ళు కూర్చుంటే వినడం తప్ప నాకేం పని? డ్రమ్ము దబదబా మోగిందంటే, అది తెరిచినరోజు లోపల్నుంచి మేస్త్రీ తిట్లు వినపడేవి. సన్నగా, ఇసకలో నడిచినట్టు గరగరలాడిందంటే, ఆ రోజు అందరూ హుషారుగా ఉండేవాళ్ళు, నన్నూ లోపలికి పిలిచి చూపించేవాళ్ళు. ఎందుకలా అని అడిగితే ఏదో చెప్పేవాళ్ళు. ముప్పావు, గులకలు, కడగడం, అవన్నీ వాళ్ళు చెప్పినవే. గుడ్డు నాది."

వైండింగ్ గుండెల మీంచి బరువు దిగినట్టయింది. ఏది ఎవరిదో ఇన్నాళ్ళకి ఒక్కటైనా తేలింది.

ఆ మధ్యాహ్నం ముగ్గురూ నేల మీద కూర్చున్నారు. నర్సు డ్రమ్ములోని చిట్లినవాటిని తీసి పక్కన పెట్టి, సీసాలో మిగిలిన రాళ్ళన్నీ బొర్లించి ఒక్కోదాన్ని నీళ్ళలో ముంచి చూసింది. రాయి ఆరేటప్పుడు సన్నగా తడి గీత మిగిలితే అక్కడ పగులున్నట్టే అన్నాడు బాబాయ్, అది కూడా మేస్త్రీ మాటే. మేకుతో గీకితే గీత పడే మెత్తవాటిని వేరే పెట్టారు. "పగుళ్ళున్నవాళ్ళకి బెడ్ రెస్టు" అంటూ ఆమె వాటిని సీసాలోకి పంపేసింది. వైండింగ్ వెళ్ళి చేపల తొట్లు అమ్మే కొట్లో చిన్న గులకలు తెచ్చాడు. కొంచెం కొంచెంగా పోసి తిప్పడం, బాబాయ్ చెవి ఒగ్గి వినడం. దబ్‌దబ్ కాస్తా టక్‌టక్ అయింది. ఇంకో గుప్పెడు వేస్తే అదీ పోయింది. చివరికి ఎవరో ఇసకలో చెప్పుల్లేకుండా నడిచి వెళ్తున్నట్టు, గరగరగర.

"ఇక పోనివ్వు" అన్నాడు బాబాయ్.

వారాల తరబడి తిరిగింది. పొడి మార్చినప్పుడల్లా వైండింగ్ డ్రమ్ముని కడిగిందే కడిగి, రేణువు కోసం వేలితో తడిమి చూశాడు. ఆఖరిసారి తెరిచినప్పుడు భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక్కటి కూడా చిట్లలేదు. తడి తుడిచేసినా తడిసినట్టే మెరుస్తున్నాయి. ఆమె ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని, ఇదెవరు, ఇదెవరు అని పేరుపేరునా గుర్తు చేసుకుంది. ఆకుపచ్చటి చిన్న రాయి ఒకదాన్ని మాత్రం సీసాలో వెయ్యకుండా గొలుసుకి కట్టించుకుని మెడలో వేసుకుంది. అదెవరిదని అతను అడిగితే చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

కొన్నాళ్ళకి భార్యాభర్తలిద్దరూ టీకొట్టుకి వెళ్ళేసరికి జనం మధ్య బాబాయ్ గొంతు వినపడుతోంది.

"...ఆ నర్సమ్మ ఏడుస్తూ వచ్చింది నా దగ్గరికి. బాబాయ్, మీరు తప్ప దిక్కు లేదంది. చూస్తే ఒక్కో రాయీ గుమ్మడికాయంత! డ్రమ్ము చాలక నీళ్ళ ట్యాంకరు తెప్పించాను. ఆకుపచ్చది ఒకటుంది చూడూ, దాన్ని ఎత్తడానికి ఆరుగురు పట్టారు. నేను చెవి ఆనించి విన్నాను. లోపల్నుంచి ఆ రాయి, చక్కిలిగిలి పెడుతున్నారు బాబాయ్ అంటోంది. ఏం అబ్బాయ్, నువ్వక్కడే ఉన్నావుగా, అంది కదూ?"

అందరూ వైండింగ్ వైపు తిరిగారు. కాదనబోయాడు. ఆ గరగర శబ్దం చెవిలో మెదిలింది. కచ్చితంగా అది మాటైతే కాదు. కానీ నవ్వులాంటిదేదో ఉన్నట్టే ఉందే? బుర్ర గోక్కుని, "ఏదో అన్నట్టే ఉంది" అనేశాడు.

"మీరు కూడానా!" అని భార్య అతన్ని మోచేత్తో పొడిచింది. ముందుకు జరిగి, మెడలోని గొలుసు తీసి బాబాయ్ కళ్ళ ముందు ఆడించింది. "ఇదిగోండి ఆకుపచ్చది. చింతగింజంత లేదు. గుమ్మడికాయ ఎక్కడండీ?"

జనం అప్పుడే నవ్వడానికి సిద్ధమైపోయారు. బాబాయ్ ఆ రాయిని వేలికొసతో అటూ ఇటూ తిప్పి, శ్రద్ధగా చూసి, తృప్తిగా తలాడించాడు.

"గుమ్మడికాయే అమ్మా" అన్నాడు. "పాలిష్ పడితే అరగదూ మరి?"